మోచేయి దాటిన కడియం

మోత్కూరు అంగడికి గొర్రెలు అమ్ముకోవడానికి వచ్చిన మా పాత ఊరాయన ఒకడు పోయిన వారం కనబడ్డాడు. ముందు గొర్రెల ధర పడిపోయిందని వాపోయాడు. తర్వాత వానల సంగతి చెప్పాడు. ఆ తర్వాత పటేలు కొడుకు పెళ్ళిలో పప్పు మాడిపోయిందని చెప్పి పడీపడీ నవ్వాడు. బీడీ ముట్టించుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"అన్నట్టు సారూ, మన దవాఖాన ఆయమ్మ సచ్చిపోయింది. నిన్ననే మన్ను జేసిన్రు."

గొర్రెలూ, వానా, మాడిన పప్పూ అయ్యాక నాలుగో సంగతి అది. నాకు ఒళ్ళు మండింది. వాడి మీద మండే హక్కు నాకు లేదని కూడా అప్పుడే తోచింది. నేను మాత్రం రెండేళ్ళుగా ఆ ఊరి దిక్కు పోయానా, ఆమె ఎలా ఉందని ఎవరినైనా అడిగానా?

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయడం మనకు అలవాటు. ఇందులో మంచి మాటలన్నీ ఆమెవి. మిగిలినవి మా అందరివి, ముఖ్యంగా నావి. చదివేవాళ్ళకు రోత పుడితే పుట్టనివ్వండి, నాకు చాలాకాలంగా పుడుతూనే ఉంది.

నేను ఆ ఊళ్ళో ఆరేళ్ళు బడిపంతులుగా ఉన్నాను. ఊరి చివర రెండు గదుల సర్కారు దవాఖాన ఉండేది. డాక్టరు వారానికి ఒకసారి వచ్చేవాడు, అదీ బండిబాట బాగుంటే. మిగిలిన ఆరు రోజులు ఆ దవాఖాన అంటే ఆయమ్మే. ఆమె నర్సు కాదు. ఊడ్చేది, నీళ్ళు మోసేది, పుండ్లు కడిగి కట్లు కట్టేది. ఊరి బయట వాడలో ఉండేది. ఆదివారం పొద్దున తెల్ల చీర కట్టుకుని వాడలోని చిన్న చర్చికి పోయేది. మా ఇళ్ళలో వాళ్ళను తక్కువవాళ్ళు అనుకునేవాళ్ళం. పుండు పడితే మాత్రం ఆమె కడగాలి. కడిగించుకుని ఇంటికొచ్చి స్నానం చేసేవాళ్ళం. పుండు మానేది, బుద్ధి మానేది కాదు.

ఆడపిల్లైనా మగపిల్లవాడైనా ఆమె నోట "రాజా" అనే పిలుపే. గంజి వేడి చూడటానికి ముంజేతి మీద ఒక చుక్క వేసుకునేది. పిల్ల నోటి దగ్గర చెంచా పెట్టినప్పుడు ఎదురుగా ఎంత పెద్దమనిషి వచ్చి నిలబడ్డా లేచేది కాదు, తల కూడా ఎత్తేది కాదు. దానికి పటేలు ఒకసారి నొచ్చుకున్నాడు. "నా చెయ్యి ఖాళీగ లేదు దొరా, దండం మల్ల పెడత," అంది ఆమె.

"ఏడ్సెటోడు బతుకుతడు సారూ," అనేది నాతో. "ఏడుపు బందువెట్టినోని దిక్కు సూడాలె." పాతిక మంది పిల్లలు ఒక్కసారి ఏడుస్తున్న చోట ఆమె నేరుగా మూలన ఊరుకున్నవాడి దగ్గరికి పోయేది. నాకు పంతులు శిక్షణలో చెప్పిన పాఠాల్లో ఇంత ముక్క ఒక్కటీ లేదు.

తర్వాత కరువొచ్చింది. రెండేళ్ళు వరసగా వానలు ముఖం చాటేశాయి. బావుల్లో చేద వేస్తే రాయి తగిలింది. జొన్న చేలు గొడ్లకు మేతగా కూడా పనికిరాలేదు. గొర్రెలవాళ్ళు మందలను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయారు. ఒంట్లో సత్తువున్న మగవాళ్ళు పాలమూరు మేస్త్రీల వెంట డ్యాం పనులకు పోయారు. ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళు, తల్లులు, పిల్లలు. అప్పుడు సర్కారువారు మా బడిలో గంజి కేంద్రం పెట్టారు. పాలపొడి డబ్బాలు, మక్కపిండి సంచులు, ఒక పెద్ద కాగు వచ్చాయి. ఏ పిల్లకు పోయాలో ఏ పిల్లను ఇంటికి పంపాలో తేల్చే పని నాకు అప్పగించారు. సరుకు ఊరందరికీ సరిపోదు కాబట్టి మరీ చిక్కిపోయినవాళ్ళకే పోయాలి.

తేల్చడానికి ఒక కాటా కూడా పంపారు. పైన కొక్కెం, కింద గుడ్డ జోలె. పిల్లను జోలెలో వేసి వేలాడదీసి తూచాలి. దాన్ని పంపిన మహానుభావుడికి తెలియనిది, నాకు తెలిసి కూడా తట్టనిది ఒకటుంది. మా ఊళ్ళో కొక్కెం కాటా అంతకుముందు ఒక్కచోటే ఉండేది, మాంసం కొట్టే కటికాయన దగ్గర.

మొదటి పిల్లను కొక్కేనికి తగిలించగానే తల్లి పెద్దగా అరిచి జోలెలోంచి లాక్కుంది.

"నా బిడ్డేమన్న యాటపోతా, కొక్కానికి ఏలాడగట్టి తూస్తరు?"

ఇంకొకామె, "తూకమేస్తె ఆయుష్షు తరుగుతది," అంది. అంతే, వరస వరసంతా ఖాళీ అయింది. నేను గుమ్మంలో నిలబడి మూఢనమ్మకాలని, చదువు లేకపోతే ఇంతేనని కేకలు వేశాను. పిల్లలు ఆకలితో ఇంటికి పోతుంటే నేను వాళ్ళ తల్లులకు ఉపన్యాసం చెప్పాను. నా మీద నాకు అసహ్యం కలిగిన సందర్భాల్లో ఇది అన్నిటికంటే చిన్నది.

కాగు కడుగుతున్న ఆయమ్మ చేతులు తుడుచుకుని లేచింది. కొంగు చివరి ముడి విప్పి ఒక కడియం తీసింది. చిన్నపిల్లల ఇత్తడి కడియం, సన్నది, నునుపు తేలింది. పోతున్న ఒక తల్లి వెనకే పోయి చంకలోని పిల్లతో, "రా రాజా, కడెం తొడుగుత," అంది.

కాటా వద్దన్న తల్లి కడియం వద్దనలేదు. పిల్ల చేతికి కడియం తొడుగుతానంటే కాదనే తల్లి మా దేశంలో లేదు. ఆయమ్మ కడియాన్ని పిల్ల మణికట్టు మీద తొడిగి మెల్లగా పైకి జరిపింది. అది మోచేయి దాటి, జబ్బ మీదుగా, చంక దాకా పోయింది. ఎక్కడా ఆగలేదు.

"సారూ, గీ పిల్లకు మొదాలు పొయ్యాలె," అంది నా వైపు తిరిగి. "కడెం మోచెయ్యి కాడ ఆగితె ఫికర్ లేదు. మోచెయ్యి దాటిందంటె, పిల్ల మన చెయ్యి దాటకముందే పట్టుకోవాలె."

ఆ రోజు నుంచి ఆ కడియమే మా కాటా. తల్లులు తమంతట తామే పిల్లల చేతులు చాపేవాళ్ళు. ఆగితే "ఆగింది" అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు. దాటితే నోరు మూసుకుని నీడన కూర్చునేవాళ్ళు. ఆ పిల్లలకు ఆయమ్మ ఒకేసారి కడుపునిండా పోసేది కాదు. గంటకు కొంచెం, గంటకు కొంచెం పోసేది. ఒకసారి ఎవరో నాయకుడు ఫోటోగ్రాఫరును వెంటేసుకుని వచ్చి, ఆ పిల్లలకే బూందీ, పులిహోర తన చేత్తో పెట్టబోయాడు. ఆయమ్మ ఆయనకూ పిల్లలకూ మధ్య నిలబడింది.

"ఎండిన నేల మీద ఒక్కపారే నీళ్ళిడిస్తె పైపైన్నే కొట్టుకపోతది అయ్యా. సుక్క సుక్క ఇంకాలె. గిది తింటె గీల్లు సస్తరు."

నాయకుడు చిరాకుపడి, ఆ బూందీ గిన్నె పట్టుకుని పటేలు మనవళ్ళ పక్కన నిలబడి ఫోటో తీయించుకుని పోయాడు. ఆ మనవళ్ళకు కరువంటే ఏమిటో తెలియదు. బుగ్గలు బూరెల్లా ఉండేవి.

పటేలు అనగానే ఇంకొకటి చెప్పాలి. బడికి తాళం లేదని పాలపొడి డబ్బాలు పటేలు ఇంట్లో పెట్టించారు. ఒకరోజు ఆయన్ని పలకరించడానికి పోతే కొట్టంలో బర్రెదూడ మూతి తెల్లగా కనబడింది. సున్నం నాకిందేమో అనుకున్నాను. దగ్గరికి పోతే కుడితి తొట్టిలో పాలపొడి ఉండలు తేలుతున్నాయి.

పటేలు సిగ్గుపడలేదు. "దూడ మటుకు పసిపిల్ల గాదా పంతులూ?" అని నవ్వాడు.

నేను కూడా నవ్వాను. ఆయన ఇచ్చిన మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని వచ్చాను.

ఆయమ్మకు చెప్పాను. మర్నాడు పొద్దున్నే కడియం దాటిన పిల్లల తల్లులను పిల్లలతో సహా తోలుకుపోయి పటేలు వాకిట్లో కూర్చోబెట్టింది. ఎవరూ అరవలేదు, ఎవరూ అడుక్కోలేదు. దూడకు కుడితి పెట్టే వేళ అందరూ కళ్ళు ఆర్పకుండా చూశారంతే. రెండో రోజుకు పటేలు కోడలు ఇంట్లో మొగుడితో పోట్లాడింది. మూడో రోజుకు డబ్బాలు బడికి చేరాయి.

ఇక నా ఇంటి సంగతి. కట్టంగూరులో మా చెల్లెలిని ఇచ్చాం. బావ డ్యాం పనికి పోయి ఉత్తరం ముక్క కూడా రాయకపోతే, అది రెండేళ్ళ పిల్లను చంకనేసుకుని మా ఇంటికి వచ్చింది. పిల్లకు దారిలోనే విరేచనాలు. వచ్చిన నాలుగు రోజులకు జొన్న గటక ముట్టడం మానేసింది, తర్వాత ఏడవడం మానేసింది. రోజంతా బడిలో ఊరి పిల్లలను తేల్చే నేను నా ఇంట్లో పిల్లను చూడలేదు. చూడలేదనడం అబద్ధం. చూశాను. మా అమ్మ దిష్టి తీసి, "మన పిల్ల పోయి ఆ వరుసల నిలబడుతదారా? ఆమె చేతి గంజి తాగుతదా? నలుగురు ఏమంటరు?" అంటే, నేను తల ఊపాను.

ఆయమ్మకు ఎవరు చెప్పారో తెలియదు. ఒక మధ్యాహ్నం మా ఇంటి వెనక వాకిలి బయట వచ్చి నిలబడింది. గడప ఎక్కలేదు, ఎక్కనిచ్చేవాళ్ళమూ కాదు.

"సారూ, పిల్లను జర బయటికి తేవా?"

"మా పిల్లకేం లేదు," అన్నాను. అప్పటికే చెల్లెలు పిల్లకు పొడుగు చేతుల చొక్కా తొడిగింది. ఎందుకు తొడిగిందో నాకు తెలుసు.

ఆయమ్మ కొంగు విప్పి కడియం తీసి గడప రాయి మీద పెట్టింది. పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగింది.

"నేను ముట్ట. నీ చేత్తోనే నువ్వు ఎక్కించి సూడు. ఆగితె నేను పోత."

మా అమ్మ లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. నేను ఆ నీళ్ళు కడియం మీద చల్లాను. ఆమె చూస్తుండగా చల్లి, అప్పుడు తీసుకున్నాను. నేను ఈ చేత్తోనే పిల్లలకు 'మనుషులందరూ ఒక్కటే' అని నల్లబల్ల మీద రాసేవాణ్ణి.

ఆమె ముఖంలో ఏమీ మారలేదు. "కడిగినవు గదా, ఇగ ఎక్కించు," అంది.

చొక్కా విప్పి ఎక్కించాను. మోచేయి దగ్గర కొంచెం కూడా తట్టుకోలేదు. చంకలో పోయి ఆగింది. చెల్లెలు గోడకు కూలబడి ఏడ్చింది. పిల్ల మాత్రం ఏడవలేదు, మా అందరినీ చూస్తూ ఊరుకుంది.

ఆయమ్మ వెంట తెచ్చిన పాలపొడి డబ్బా గడప మీద పెట్టింది. "మూత నేను తియ్యలే. పొయ్యి మీదే, గిన్నె మీదే, చెయ్యి మీదే. నేను చెప్పినట్టు కాచుండ్రి, సాలు." నీళ్ళెన్ని, పొడి ఎంత, బెల్లం ఎంత, ఎన్ని చెంచాలు, మధ్యలో ఎంతసేపు ఆగాలి, అన్నీ వాకిలి బయటినుంచే చెప్పింది. మూడు రోజులు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా, కేంద్రం పనికీ మా వాకిలికీ మధ్య తిరుగుతూ, మా ఇంటి వెనక ఎండలో నిలబడి, "ఇగ రెండు చెంచాలు పొయ్యి చెల్లె... ఆగు, మింగనీ..." అంటూనే ఉంది. ఆ మూడు రోజుల్లో ఆమెకు మంచినీళ్ళు ఇవ్వాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మూడో రోజు సాయంత్రం చెంచా ఆలస్యమైతే పిల్ల కీచుగొంతుతో ఏడ్చింది.

"ఏడ్సింది! సారూ, ఏడ్సింది!" అని బయటినుంచి ఆయమ్మ కేక వేసింది. ఆమె అంత గట్టిగా నవ్వడం అంతకుముందు నేను వినలేదు.

ఆ పిల్ల ఇప్పుడు కట్టంగూరులో ఊరంతా ఎగురుతూ తిరుగుతోంది.

కరువు కొంచెం తగ్గాక పైనుంచి ఒక అధికారి జీపులో వచ్చాడు. మా కేంద్రంలో పిల్లలు చుట్టుపక్కల ఊళ్ళకంటే బాగా తేరుకున్నారని ఆయనకు ఎవరో చెప్పారట. కడియం చేతిలోకి తీసుకుని, ఒక పిల్లకు ఎక్కించి చూసి, ముచ్చటపడ్డాడు.

"ఎవరికి తట్టిందండీ ఈ ఆలోచన? మీకేనా? శభాష్, మాస్టారూ!" అని నా భుజం తట్టాడు.

ఆయమ్మ అయిదడుగుల దూరంలో కాగు తోముతోంది. కాదు, ఆమెది అనడానికి ఎంత సేపు పడుతుంది? నేను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. చూస్తూనే కొంచెం నవ్వాను కూడా. ఆయన కడియాన్ని జేబులో వేసుకున్నాడు. "పైవాళ్ళకు చూపించి పంపిస్తాను. జిల్లా అంతటా ఇలాగే చేయిద్దాం," అని జీపెక్కాడు.

జీపు దుమ్ము అణగకముందే ఆయమ్మ నా దగ్గరికి వచ్చింది. మెచ్చుకోలు నేను మింగేసిన సంగతి అడుగుతుందనుకుని భయపడ్డాను.

"సారూ, నా కడెం ఎన్నడొస్తది?"

"వస్తుందిలే. రాకపోతే మాత్రం ఏం? అంగట్లో అలాంటివి బోలెడు," అన్నాను.

"అంగట్ల దొరకది సారూ. అది నా బిడ్డది."

అప్పుడు చెప్పింది. నేను ఆ ఊరికి రాక ముందెప్పుడో ఇలాంటి కరువు ఏడాదే వచ్చింది. మొగుడు పోయాడు, కూలి లేదు. ఒక్కతే బిడ్డ. ఆ కడియం తొడిగినప్పుడు చేతికి సబ్బు రాసి ఎక్కించాల్సి వచ్చిందట. తర్వాత అది వదులై మోచేతి దాకా జారడం మొదలుపెట్టింది.

"బిడ్డ ఎదుగుతుందనుకున్న సారూ. చెయ్యి పొడుగైతుందనుకున్న. దండకడెం లెక్క ముద్దుగుంటదని నేనే మోచెయ్యి మీదికి నూకి పెట్టిన. వాడకట్టంత చూయించుకచ్చిన. ఎనిమిదొద్దులకు పోయింది."

ఆ కడియం మీద నేను నీళ్ళు చల్లాను. ఇంకా ఏం రాయాలి నేను?

ఆరు నెలలు గడిచినా కడియం రాలేదు. ఏదో పని మీద ఆ అధికారి కచేరికి పోయాను. ఆయన లేడు, వేరే చోటికి బదిలీ అయ్యాడు. బల్ల దగ్గర గుమాస్తా బీరువా తెరుస్తున్నాడు. చేతిలో తాళంచెవుల గుత్తి ఉంది. ఆరేడు తాళంచెవులను తాడుతో ఆ ఇత్తడి కడియానికి కట్టారు. అదే కడియం. నునుపు తేలిన ఆ వంపు నేను ఎక్కడ చూసినా పోల్చుకుంటాను.

"ఆ కడియం..." అన్నాను.

"ఏ కడియం? ఇది ఆఫీసుది. సారు లేరు. రేపు రండి," అన్నాడు గుమాస్తా తల ఎత్తకుండా.

చెయ్యి చాపితే అందే దూరం. తాడు విప్పమని అడగవచ్చు, గొడవపడవచ్చు, నాలుగు కేకలు వేయవచ్చు. తల్లుల మీద వేసిన కేకల్లో ఒక్కటి కూడా అక్కడ నా గొంతులోంచి రాలేదు. నమస్కారం పెట్టి బయటపడ్డాను. ఆ రేపు మళ్ళీ రాలేదు, నేనే పోలేదు.

ఊళ్ళోకి రాగానే ఆయమ్మ ఎదురొచ్చింది. ఆమె ముఖం చూసి నేనొక అబద్ధం చెప్పాను. "నీ కడియం ఊరూరూ తిప్పుతున్నారు ఆయమ్మా. దాంతోనే పిల్లలను చూస్తున్నారు. ఇప్పుడప్పుడే రాదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "పోనీ సారూ. నా బిడ్డ ఒక్క ఊరు దాటి పోలే. ఇప్పుడు ఎందరి పోరల చేతులెక్కుతుందో," అంది.

ఆ తర్వాత నేను ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. కొన్నాళ్ళకు మోత్కూరుకు బదిలీ అయితే పండగలా అనిపించింది. నిజం చెప్పడానికి నాకు రెండేళ్ళు గడువు దొరికింది, మూడు కోసుల దారి దొరకలేదు.

గొర్రెలాయన కబురు చెప్పిన మర్నాడు ఆ ఊరికి పోయాను. వాడలో ఆమె గుడిసె ముందు ఆడవాళ్ళు పది మంది దాకా కూర్చున్నారు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. జ్వరం వచ్చిందని, దవాఖాన అరుగు మీదే పడుకునేదని, పోయే ముందు రోజు కూడా ఒక పిల్లకు గంజి కాచిందని చెప్పారు. ఒకామె కుండలోంచి లోటాతో నీళ్ళు తెచ్చి, ఇవ్వాలా వద్దా అని నా ముఖం చూసింది. తీసుకుని తాగాను. ఇంత ఆలస్యంగా తాగిన నీళ్ళకు పుణ్యమేమీ రాదని నాకు తెలుసు.

నా ఎదురుగా ఒక చిన్నది చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. కరువునాడు కాటా చూసి పారిపోయిన తల్లుల్లో ఒకరి కోడలట. మాట్లాడుతూ మాట్లాడుతూనే బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వలయం చేసింది. దాన్ని పిల్ల మణికట్టు చుట్టూ పెట్టి మెల్లగా పైకి జరిపింది. మోచేయి దగ్గరికి రాగానే వేళ్ళు ఆగిపోయాయి.

"ఆగింది," అంది తనలో తాను, మళ్ళీ మాటల్లో పడింది.

"గదేంది?" అని అడిగాను.

"ఆయమ్మ నేర్పింది సారూ. కడెం ఊర్లు తిరగనీకి పోయిందట గదా. అది మల్ల వచ్చేదాక గిట్ల సూడుండ్రని అందరి చేతి ఏళ్ళు పట్టుకోని కొలత చెప్పింది. గింత సందు, గింతకు ఎక్కువ గాదు, తక్కువ గాదు."

మిగిలిన ఆడవాళ్ళు కూడా వేళ్ళు కలిపి చూపించారు. పది చేతులు, అన్నీ ఒకే కొలత. కడియం ఎప్పుడొస్తుందని వాళ్ళలో ఒక ముసలామె నన్ను అడిగింది. అందరూ నా వైపు చూశారు. ఆ కచేరి సంగతి, తాళంచెవుల సంగతి, నా అబద్ధం సంగతి అప్పుడు చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ముసలామె ఒక్కతే పిడికెడు మట్టి తీసి, నా మీద పోయాల్సింది పక్కకు పారేసి, లేచి లోపలికి పోయింది.

తిరిగి వస్తూ దారిలో నేనూ బొటనవేలు, చూపుడువేలు కలిపి చూశాను. ఒకసారి పెద్దదైంది, ఒకసారి చిన్నదైంది. మోత్కూరు చేరేదాకా కలుపుతూ విప్పుతూనే ఉన్నాను, ఆ కొలత నా చేతికి రాలేదు.